పనిచేసే చోట గాయపడితే పరిహారం ఎలా? తెల్లకాగితంపై సంతకం పెట్టే ముందు ఇవి తెలుసుకోండి

2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో జరిగిన పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. రెండు సందర్భాల్లోనూ మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు.

కానీ ప్రెస్ మెషీన్‌లో వేలు పోగొట్టుకున్న ఆపరేటర్‌కు, పరంజా మీద నుంచి జారిపడ్డ తాపీ మేస్త్రీకి, గోదాములో బస్తా మీద పడి నడుం విరిగిన హమాలీకి ఎవరూ పరిహారం ప్రకటించరు. వాళ్ల కోసం చట్టం మాత్రం ఉంది. చాలామంది దాన్ని అడగరు. 'తప్పు నాదే కదా' అనుకోవడం ఒక కారణం. ఆసుపత్రి మంచం దగ్గరే యాజమాన్యం ఇచ్చిన కొంత డబ్బు తీసుకుని కాగితంపై సంతకం పెట్టేయడం మరో కారణం.

ఇంతకీ చట్టం ఏం చెబుతోంది?

తప్పు ఎవరిదన్నది ముఖ్యమా?

చాలా సందర్భాల్లో కాదు. గాయం పని వల్ల, పని సమయంలో జరిగిందా అన్నదే ప్రధానం. ఉద్యోగి ఏమరుపాటుగా ఉన్నాడన్న ఒక్క కారణంతో పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదు.

మినహాయింపులు మూడే. మద్యం లేదా మత్తు పదార్థాల ప్రభావంలో ఉండగా ప్రమాదం జరగడం, భద్రతా నిబంధనను కావాలని ఉల్లంఘించడం, రక్షణ పరికరాన్ని కావాలని తీసేయడం. మరణం సంభవించినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా యజమాని ఈ మూడు సాకులు చెప్పి తప్పించుకోలేరు.

ఇంటి నుంచి పనికి వెళ్తూనో, పని నుంచి తిరిగొస్తూనో ప్రమాదానికి గురైనా, ఆ సమయానికి, చోటుకు ఉద్యోగంతో సంబంధం ఉంటే దాన్ని పనిలో జరిగిన ప్రమాదంగానే చూడాలని సామాజిక భద్రత కోడ్ చెబుతోంది. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం, 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయాయి. పరిహారానికి సంబంధించిన మూల సూత్రాలు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి.

ఏ ఆఫీసుకు వెళ్లాలి?

దారులు రెండు. ఒకటి ఈఎస్‌ఐ, రెండోది లేబర్ ఆఫీసు. ఒకే గాయానికి రెండు చోట్లా పరిహారం తీసుకోవడానికి వీల్లేదు. కాబట్టి మీరు ఏ దారిలోకి వస్తారో ముందు తేల్చుకోవాలి.

పది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలో నెలకు రూ.21,000 వరకు వేతనం ఉన్నవారు ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారు. వైకల్యం ఉన్న ఉద్యోగులకు ఈ పరిమితి రూ.25,000. పేస్లిప్‌లో ఈఎస్‌ఐ పేరిట 0.75 శాతం కోత కనిపిస్తే మీ దారి ఈఎస్‌ఐదే. యజమాని తన వాటాగా 3.25 శాతం కట్టాలి.

ఈఎస్‌ఐ వర్తించని వారికి యజమానే పరిహారం చెల్లించాలి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో క్లెయిమ్ వేయాలి. తెలుగు రాష్ట్రాల్లో కార్మిక శాఖ అధికారులే ఈ క్లెయిమ్‌లు విచారిస్తారు.

ఈఎస్‌ఐ ఉంటే ఏమొస్తుంది?

వైద్యం ఈఎస్‌ఐ చూసుకుంటుంది. పనికి వెళ్లలేని రోజులకు సగటు రోజు వేతనంలో 90 శాతం ఇస్తుంది. పనిలో జరిగిన గాయానికి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు గాయపడినా వర్తిస్తుంది.

శాశ్వత వైకల్యం మిగిలితే సంపాదన శక్తి ఎంత శాతం తగ్గిందో మెడికల్ బోర్డు తేలుస్తుంది. ఆ మేరకు జీవితాంతం డబ్బు వస్తుంది. ఉదాహరణకు నెలకు రూ.18,000 వేతనం ఉన్న వ్యక్తికి 30 శాతం నష్టం జరిగిందని బోర్డు తేల్చిందనుకుందాం. వేతనంలో 90 శాతం అంటే రూ.16,200. అందులో 30 శాతం, అంటే నెలకు సుమారు రూ.4,860 వస్తుంది.

ఉద్యోగి చనిపోతే కుటుంబ సభ్యులకు వేతనంలో 90 శాతం మేర ఆశ్రితుల పింఛను, అంత్యక్రియలకు రూ.15,000 వరకు అందుతాయి.

యజమాని చందా కట్టలేదని ఉద్యోగి హక్కు పోదు. ఈఎస్‌ఐ కార్పొరేషన్ ప్రయోజనం చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవచ్చు.

ఈఎస్‌ఐ లేకపోతే లెక్క ఎలా?

ఇక్కడ మూడు అంశాలు చూస్తారు. వేతనం, వయసు, గాయం తీవ్రత. ప్రతి వయసుకు చట్టంలో ఒక గుణకం ఉంది. 25 ఏళ్లకు 216.91, 30 ఏళ్లకు 207.98, 40 ఏళ్లకు 184.17, 50 ఏళ్లకు 153.09. లెక్కలోకి తీసుకునే నెల వేతనం గరిష్ఠంగా రూ.15,000. 2020 జనవరిలో కేంద్రం ఈ పరిమితిని రూ.8,000 నుంచి పెంచింది.

30 ఏళ్ల వ్యక్తి, నెల వేతనం రూ.24,000 అనుకుందాం. లెక్కకు రూ.15,000 మాత్రమే తీసుకుంటారు.

• మరణిస్తే: వేతనంలో 50 శాతం, అంటే రూ.7,500ను 207.98తో హెచ్చిస్తారు. మొత్తం రూ.15,59,850.
• శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే: వేతనంలో 60 శాతం, అంటే రూ.9,000ను 207.98తో హెచ్చిస్తారు. మొత్తం రూ.18,71,820.
• బొటనవేలు పోతే: చట్టంలోని పట్టిక ప్రకారం 30 శాతం నష్టం. రూ.18,71,820లో 30 శాతం, అంటే రూ.5,61,546.
• కొంతకాలం పనిచేయలేకపోతే: ప్రతి పదిహేను రోజులకు వేతనంలో 25 శాతం, అంటే రూ.3,750.

పట్టికలో చూపుడు వేలు పూర్తిగా పోతే 14 శాతం, ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40 శాతం, ఒక చేతికి నాలుగు వేళ్లూ పోతే 50 శాతం అని ఉంది. పట్టికలో లేని గాయాలకు డాక్టర్ అంచనాయే ఆధారం. వైద్య ఖర్చులు ఈ పరిహారంలో భాగం కావు. బిల్లులు చూపిస్తే యజమాని వాటిని విడిగా చెల్లించాలి.

'సెటిల్ చేసుకుందాం' అంటే?

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. 'పూర్తి పరిహారం ముట్టింది, ఇక ఏ హక్కూ లేదు' అని సంతకం చేయించుకుంటారు. పరిహారం హక్కును వదులుకుంటున్నట్లు, తగ్గించుకుంటున్నట్లు రాసుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు.

మరణం సంభవిస్తే యజమాని పరిహారాన్ని అధికారి వద్దే జమ చేయాలి. కుటుంబం చేతికి నేరుగా ఇచ్చిన డబ్బును పరిహారంగా లెక్కించరు. మూడు నెలల వేతనం వరకు ఇచ్చే అడ్వాన్సుకు మాత్రమే మినహాయింపు ఉంది. రాజీ కుదిరినా దాన్ని అధికారి దగ్గర నమోదు చేయించాలి. మొత్తం మరీ తక్కువగా ఉంటే నమోదుకు ఆయన నిరాకరించవచ్చు.

అంటే సంతకం పెట్టేసినా దారి పూర్తిగా మూసుకుపోదు. కానీ ఆ తర్వాత నిరూపించుకోవడం కష్టమవుతుంది. అందుకే ఖాళీ కాగితంపై సంతకం వద్దు. డబ్బు తీసుకోవాల్సి వస్తే 'వైద్య ఖర్చుల కోసం' అని స్పష్టంగా రాయించుకోండి.

మొదటి రోజు ఏం చేయాలి?

• ముందు ప్రాణం. దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. ఈఎస్‌ఐ సభ్యులైతే అత్యవసరంలో ప్రైవేటు ఆసుపత్రిలో చేరినా ఖర్చులను నిబంధనల మేరకు తిరిగి కోరవచ్చు. బ్రాంచి ఆఫీసుకు వెంటనే చెప్పాలి.
• ఆసుపత్రి రికార్డులో 'పనిచేస్తుండగా ప్రమాదం' అని, స్థలం పేరుతో సహా రాయించండి. 'ఇంట్లో జారిపడ్డాడు' అని ఎవరైనా చెప్పించారేమో చూసుకోండి. తర్వాత అదే పెద్ద అడ్డంకి అవుతుంది.
• యజమానికి లిఖితపూర్వకంగా తెలపండి. వాట్సాప్ సందేశం పంపినా తేదీ, సమయం నమోదవుతాయి.
• ప్రమాద స్థలం, యంత్రం ఫొటోలు తీయండి. చూసినవారి పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోండి.
• పేస్లిప్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఐడీ కార్డు, గేట్ పాస్, హాజరు ఫొటో వంటివి భద్రపరచండి. నియామక పత్రం లేనివారికి ఇవే ఆధారం.
• మరణం లేదా తీవ్ర గాయమైతే పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్‌ఐఆర్ కాపీ తీసుకోండి.

కాంట్రాక్టర్ కింద పనిచేస్తే?

కాంట్రాక్టర్ ఫోన్ ఆపేసి మాయమైనా దిగులుపడక్కర్లేదు. ఎవరి పని కోసం ఉద్యోగిని పెట్టారో ఆ అసలు సంస్థను, అంటే ప్రధాన యజమానిని పరిహారం అడగవచ్చు. వాళ్లు తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకుంటారు.

రిజిస్టర్ చేసుకున్న భవన నిర్మాణ కార్మికులు రాష్ట్ర సంక్షేమ బోర్డు ఇచ్చే ప్రమాద సాయానికి కూడా దరఖాస్తు చేసుకోవాలి.

డెలివరీ బాయ్స్, క్యాబ్ డ్రైవర్ల వంటి గిగ్ కార్మికుల పరిస్థితి వేరు. కొత్త కోడ్ వీరిని గుర్తించినా, పైన చెప్పిన పరిహారం మాత్రం ఉద్యోగులకే. వీరు తమ ప్లాట్‌ఫాం ఇచ్చే ప్రమాద బీమా షరతులు చదువుకోవాలి. ఏడాదికి రూ.20 ప్రీమియంతో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరితే ప్రమాద మరణానికి రూ.2 లక్షలు వస్తాయి.

క్లెయిమ్ ఎక్కడ, ఎప్పటిలోగా?

ప్రమాదం లేదా మరణం జరిగిన నాటి నుంచి రెండేళ్లలోగా క్లెయిమ్ వేయాలి. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు కానీ దాని మీద ఆధారపడకండి.

ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నిబంధన లేదు. బాధితుడు లేదా కుటుంబం ఉండే ప్రాంతంలోనూ వేయవచ్చు. చెన్నైలో పనిచేస్తూ చనిపోయిన శ్రీకాకుళం కార్మికుడి కుటుంబం శ్రీకాకుళంలోనే దరఖాస్తు చేసుకోవచ్చు.

గడువు దాటి నెల రోజులైనా యజమాని చెల్లించకపోతే 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకపోతే పరిహారంలో సగం వరకు జరిమానా కూడా వేయవచ్చు.

లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. దీని హెల్ప్‌లైన్ నంబర్ 15100.

గాయం కాకముందే ఈరోజు చేయగలిగిన పని ఒకటుంది. పేస్లిప్‌లో ఈఎస్‌ఐ కోత ఉందో లేదో చూడండి. ఉంటే మీ ఇన్సూరెన్స్ నంబర్‌ను, కుటుంబ సభ్యుల పేర్లు అందులో సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ఆ నంబర్‌ను ఇంట్లో ఒకరికైనా పంపి ఉంచండి. ప్రమాదం జరిగిన రోజు దాన్ని వెతుక్కునే ఓపిక మీకు ఉండకపోవచ్చు.