మునగబోయే ఇంటికి ప్రీమియం ఎవరు కట్టాలి?

కింది అంతస్తుకు పాతికవేలు, పై అంతస్తులకు పదివేలు. బైకుకు మూడువేలు, ఆటోకు పదివేలు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచెత్తాక 179 సచివాలయాల పరిధిలో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన లెక్క ఇది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పరుపులు, బియ్యం బస్తా, పిల్లల సర్టిఫికెట్లు, కుట్టుమిషను మీద సగంలో ఉన్న జాకెట్టు... అన్నీ కలిపి పాతికవేలు. రెండు గదుల రేకుల ఇల్లయినా, అంతకుముందు దసరాకే గృహప్రవేశం చేసుకున్న డాబా అయినా అంతే.

ఎవరికెంత పోయిందో లెక్కగట్టి ఇచ్చిన డబ్బు కాదది. అందరికీ ఎంత సర్దగలమో చూసుకుని ఇచ్చింది. అలాగని తీసిపారేయడానికీ లేదు. నెల తిరక్కముందే, సెప్టెంబరు 25న, దాదాపు 600 కోట్ల రూపాయలు వరద బాధితుల ఖాతాల్లో వేయడం మాటలు కాదు. అయినా జాబితాలో పేరు లేనివాళ్ళు ఆ తర్వాత కూడా ఆఫీసుల చుట్టూ తిరిగారు.

ఒక రకంగా ఇదీ బీమాయే. పాలసీ కాగితం ఉండదు, ఎంత వస్తుందో ముందు తెలియదు, అంతే తేడా. ప్రీమియం మాత్రం పోతూనే ఉంది. ఇచ్ఛాపురంలో సబ్బు కొన్నవాడి పన్నులోనూ అది ఉంది. విపత్తు సహాయ నిధిలో మన రాష్ట్రాలకు కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. ఆ నిధి నిబంధనల ప్రకారం పూర్తిగా కూలిన పక్కా ఇంటికి మైదాన ప్రాంతంలో ఇచ్చేది 1.20 లక్షలు, పాక్షికంగా దెబ్బతింటే 6,500. ముంపు ప్రాంతాల్లో బీమా గురించి మాట్లాడితే ‘పేదల నెత్తిన ఇంకో భారమా’ అని కసురుకునేవాళ్ళు ముందు ఈ సంగతి గమనించాలి. డబ్బు ఇప్పటికే కడుతున్నాం. ఎవరు కట్టాలో తేల్చకుండా, మునిగాక కడుతున్నాం.

పాలసీ లేక కాదు

ఇళ్ళకు బీమా లేక కాదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. అది చెప్పిన మీదట 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ‘భారత్ గృహ రక్ష’ అనే ఒకే మూస పాలసీ అమ్మాలి. వరద, తుపాను, భూకంపం, కొండచరియలు విరిగిపడడం అన్నీ అందులో ఉన్నాయి. స్థలం ధరతో దానికి పనిలేదు, తిరిగి కట్టడానికయ్యే ఖర్చే లెక్క. ఇంటికి బీమా చేస్తే సామానుకు ఆ మొత్తంలో 20 శాతం, పది లక్షలు మించకుండా, దానంతటదే వస్తుంది. అద్దెకున్నవాళ్ళు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు.

తీసుకునేవాళ్ళే తక్కువ. వరద తగ్గాక బెజవాడలో బీమా క్లెయిముల హడావిడి చూశాం. ముఖ్యమంత్రి కంపెనీలతో సమావేశమై పది రోజుల్లో పరిష్కరించమన్నారు కూడా. ఆ హడావిడి ఎక్కువగా బళ్ళ కోసం. బండికి బీమా లేకపోతే పోలీసు ఆపుతాడు. ఇంటికి లేకపోతే అడిగేవాడు లేడు. జీవిత, ఆరోగ్య బీమా వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబరులో జీఎస్టీ ఎత్తేసిన ప్రభుత్వం, ఇంటి బీమా మీద 18 శాతం అలాగే ఉంచింది.

ఇంకో చిక్కు ఉంది. మునుగుతామని తెలిసినవాళ్ళే పాలసీ కొంటే ఏ కంపెనీకీ గిట్టదు. ప్రీమియం పెంచుతుంది, లేదా ఆ పేటకు పాలసీ ఇవ్వడమే మానుకుంటుంది. అవసరం ఎక్కడుందో అక్కడే అందకుండా పోతుంది. అందుకే ఊరంతా కలవాలి. మెరకన ఉన్నవాళ్ళు మాకేం పని అనుకోనక్కర్లేదు. అదే వానకు మొగల్రాజపురంలో కొండరాళ్ళు ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి.

ముప్పు ఎవరి చేతిలో ఉంది?

బుడమేరు మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరద నీటిని డైవర్షన్ కాలువలోకి తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపేలా ఏర్పాటు చేశారు. కృష్ణ తగ్గి ఉంటే ఇది బాగానే పనిచేస్తుంది. రెండూ ఒకేసారి పొంగితే చిక్కు. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీకి వచ్చిన నీరు 11.43 లక్షల క్యూసెక్కులు. నిండిన నది కాలువ నీళ్ళను పోనివ్వదు. అంతకుముందే కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. నీళ్ళు పాత దారి వెతుక్కున్నాయి. ఆ దారిలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక ఉన్నాయి. వాంబే కాలనీ ఉంది.

వాంబే కాలనీని ఎవరో కబ్జాదారు వేయలేదు. వాల్మీకి అంబేడ్కర్ ఆవాస యోజన కింద ప్రభుత్వమే కట్టించి పేదలకు తాళాలిచ్చింది. బుడమేరు పొంగడం అప్పటికి కొత్తేమీ కాదు. ఆ తర్వాత 2005లోనూ పొంగింది. ‘బెజవాడ దుఃఖదాయని’ అన్న పేరు ఊరికే రాలేదు. ఆ చుట్టుపక్కల అనుమతి లేకుండా లేచిన మేడలకేమో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్) కింద అపరాధ రుసుం కట్టించుకుని క్రమబద్ధీకరించారు. రుసుం తీసుకున్న చేతికి ఆ ఇంట్లోకి వచ్చే నీళ్ళలో వాటా లేదంటే ఎలా?

నా తీర్పు ఇది: ముప్పును తగ్గించగలిగినవాడే ప్రీమియం కట్టాలి. వాంబే కాలనీ ఇల్లాలు ఫ్రిజ్ కింద నాలుగు ఇటుకలు పెట్టగలదు, బుడమేరును వెడల్పు చేయలేదు. ఆమె ప్రీమియం పూర్తిగా ప్రభుత్వానిది, కార్పొరేషన్‌ది. ఏటా ఆ చెక్కు రాయాల్సివస్తే, కాలువలో పూడిక తీయడం ఖర్చులా కాక పొదుపులా కనిపిస్తుంది. ప్రభుత్వాలు బీమా కొనడం వింతా కాదు. వాన ఒక మోతాదు దాటితే డబ్బు వచ్చే పాలసీని నాగాలాండ్ ప్రభుత్వం ఎప్పుడో తీసుకుంది.

క్రమబద్ధీకరించిన పాత ఇళ్ళ సంగతి వేరు. అక్కడ సగం ప్రీమియం బీపీఎస్ రుసుముల నుంచి రావాలి, మిగతా సగం ఇంటిపన్నుతో కలిపి యజమాని కట్టాలి. ఎగువ పేటలవాళ్ళ పన్నులోనూ చిన్న మొత్తం కలపాలి. అద్దెదారు సామానుకూ ఇందులోనే చోటుండాలి. సింగ్‌నగర్‌లో కింది అంతస్తుల్లో వాళ్ళూ ఉంటారు కదా.

ఇకమీదట కట్టేవాళ్ళకు మాత్రం రాయితీ ఉండకూడదు. ఇది కటువుగా వినిపిస్తుందని తెలుసు. పల్లంలో స్థలం చవగ్గా వస్తుంది, ఆ చవక వెనక ఉన్న నీళ్ళ ఖరీదును పక్కవాడు ఎందుకు మోయాలి? కొత్త ఇల్లు కట్టేవాడు పునాది ఎత్తు పెంచుకోగలడు, కింద స్టిల్టు వదలగలడు, అసలు కొనకుండా ఉండగలడు. అపార్ట్‌మెంటయితే తొలి పదేళ్ళ ప్రీమియం బిల్డరే కట్టి తాళాలివ్వాలి. బ్రిటన్‌లో 2016లో మొదలైన ‘ఫ్లడ్ రీ’ పథకం ఇదే గీత గీసింది. ఇంటి బీమా అమ్మే కంపెనీలన్నిటి దగ్గరా సుంకం వసూలు చేసి ముంపు ఇళ్ళ ప్రీమియం తగ్గిస్తారు, కానీ 2009 జనవరి 1 తర్వాత కట్టిన ఇళ్ళకు అందులో చోటు లేదు. పైగా 2039లో పథకమే ముగుస్తుంది, ఈలోగా మీ కాలువలు మీరు బాగుచేసుకోండని.

ఫ్రాన్స్ ఇంకా సూటిగా పోయింది. 1982 నుంచి ప్రతి ఇంటి పాలసీ మీదా ఒకే రేటున విపత్తు సుంకం వేస్తోంది. 2025 జనవరిలో దాన్ని 12 నుంచి 20 శాతానికి పెంచింది. అమెరికాది పాఠం నేర్చుకోవాల్సిన కథ. 1968లో మొదలైన అక్కడి జాతీయ వరద బీమా అసలు ముప్పు కంటే తక్కువ ప్రీమియం తీసుకుంటూ వచ్చింది. 2017లో 1,600 కోట్ల డాలర్ల బాకీ మాఫీ అయ్యాక కూడా ఖజానాకు 2,000 కోట్ల డాలర్లకు పైగా బాకీ పడింది. ప్రీమియం పెంచుతూ 2012లో చట్టం చేసి, ఓటర్లు గోలచేస్తే 2014లో వెనక్కి తగ్గారు. అక్కడ మామూలు ఇంటి పాలసీలో వరద ఉండదని 2017లో హార్వే తుపానుకు హ్యూస్టన్‌లో చాలామందికి తెలిసొచ్చింది. ఆ ఊళ్ళో ఉండే మన తెలుగువాళ్ళు బాగా చెబుతారు.

ఇవన్నీ జరగాలంటే ఏ ఇల్లు ఎంత లోతున ఉందో ముందు కాగితం మీద ఉండాలి. వరద మైదానాల్లో ఎక్కడ ఏం కట్టొచ్చో నిర్ణయించే నమూనా బిల్లును కేంద్రం 1975లోనే రాష్ట్రాలకు పంపింది. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ వంటి కొద్ది రాష్ట్రాలు తప్ప ఎవరూ చట్టం చేయలేదు. రియల్ ఎస్టేట్ వాళ్ళకు ఆ పటం ఇష్టం ఉండదు, నాయకులకు రియల్ ఎస్టేట్ వాళ్ళంటే ఇష్టం. అంతకంటే వివరణ అక్కర్లేదనుకుంటాను.

కార్పొరేషన్లను అడగాల్సింది ఒకటే. ఇంటి ప్లాను మీద, రిజిస్ట్రేషన్ దస్తావేజు మీద ఆ స్థలం 2024లో ఎన్ని అడుగులు మునిగిందో అంకె వేయండి. కొనేవాళ్ళు, అప్పిచ్చే బ్యాంకులు, బీమా కంపెనీలు మిగతా లెక్క చూసుకుంటాయి. అంతవరకూ ఎవరైనా బుడమేరు పల్లంలోనో, ఖమ్మం మున్నేటి ఒడ్డునో స్థలం చూపిస్తే, ధర అడగడానికి ముందు ఆ అంకె అడగండి.