శేషాచలం అడవి: చట్టం, డబ్బు, మొక్క

అలిపిరిలో పాదాల మండపం దాటి మెట్లెక్కే భక్తుడి కంటికి అడవంతా ఒక్కటే. కాగితాల మీద అది ఒక్కటి కాదు. తిరుమల ఊరికీ దారులకూ ఆనుకున్న కొంత భాగాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం అటవీ విభాగం చూసుకుంటుంది. చుట్టూ ఉన్నది రాష్ట్ర అటవీ శాఖ రిజర్వు ఫారెస్టు. అందులో సుమారు 353 చదరపు కిలోమీటర్లు 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ వనమైంది. 2010లో చిత్తూరు, కడప జిల్లాల్లోని 4,755 చదరపు కిలోమీటర్లకు పైగా నేలను శేషాచలం బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. ఇక్కడ మొక్క నాటాలన్నా, కొమ్మ కొట్టాలన్నా ఆ నేల ఏ హద్దులో ఉందో ముందు తేలాలి.

రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా చెట్టు కొట్టడం, నిప్పు పెట్టడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం కింద నేరం. జాతీయ వనానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా వర్తిస్తుంది. అక్కడ పశువులను మేపడానికీ వీల్లేదు. అటవీ నేలలో రోడ్డో పైపులైనో వేయాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం అనుమతి తప్పదు. అనుమతి దొరికినవారు పోయే అడవికి విలువ కట్టి సొమ్ము జమ చేయాలి, బదులు అడవి పెంపకానికయ్యే ఖర్చూ భరించాలి. ఆ నిధిలో 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం కేంద్రానికి చెందేలా 2016లో చట్టం చేశారు. వందేళ్ల జాలారి చెట్టుకు నర్సరీ సంచిలోని మొక్క ఏ లెక్కన సాటి వస్తుందో మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు.

తిరుమల కొండల మీద దేవస్థానం సొమ్ము కూడా ఖర్చవుతుంది. పచ్చదనాన్ని 68.14 శాతం నుంచి 80 శాతానికి పెంచాలని, అందుకు మూడేళ్లలో రూ.4 కోట్లు వెచ్చించాలని 2025లో పాలక మండలి నిర్ణయించింది.

డబ్బు కంటే చిక్కైన ప్రశ్న ఏ మొక్క నాటాలన్నది. త్వరగా పచ్చబడాలని ఒకప్పుడు ఇక్కడ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన అకేషియాను విస్తారంగా నాటారు. అది పెరిగింది కానీ, దాని నీడన కొండకు సొంతమైన మొక్కలు సరిగా లేవలేదు. ఇప్పుడు దాన్ని దశలవారీగా తొలగించి స్థానిక జాతులను తేవాలన్నది ఆలోచన. ఈ నేలకు తగిన జాతులకు కొదవ లేదు: ఎర్రచందనం, తంబజాలారి, తెల్లకరక, మొగి, కొండసాంబ్రాణి. వీటిలో చాలావరకు తూర్పు కనుమల దక్షిణ భాగం దాటితే అరుదు. రాళ్ల సందుల్లో, పలుచటి మట్టిలో, నెలల తరబడి వాన లేకున్నా బతకడం వీటికి తెలిసిన విద్య. మొదళ్లు సజీవంగా ఉంటే ఎర్రచందనం తనంతట తానే చిగురిస్తుంది. అలాంటిచోట గుంతలు తవ్వి కొత్త మొక్కలు పెట్టడం కంటే మంట, గొడ్డలి సోకకుండా కాపలా కాయడమే చవక, మేలు కూడా.

మంట సంగతి చిన్నది కాదు. వేసవిలో ఎండిన గడ్డికి ఒక్క బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో తిరుమల కొండలు అంటుకున్నప్పుడు మంటలార్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అందుకే వేసవికి ముందే గడ్డి, ఆకులు తీసేసి ఫైర్‌లైన్లు గీస్తారు. ఈ కాపలాలో చుట్టుపక్కల పల్లెలకూ పాత్ర ఉంది. 1992 నుంచి రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. అడవిని కాచినందుకు ప్రతిఫలంగా సభ్యులకు అటవీ ఫలసాయంలో వాటా దక్కుతుంది.

ఎర్రచందనాన్ని అడవి బయట పట్టా భూమిలోనూ పెంచుకోవచ్చు. సాగు చేసిన దుంగల ఎగుమతికి లైసెన్సు మీద 2019లో కేంద్రం దారి తెరిచింది. అయితే చేవ దేరడానికి పాతికేళ్లకు తక్కువ పట్టదు. పైగా నరకడానికీ, తరలించడానికీ అటవీ శాఖ అనుమతులు కావాలి. అందుకని నాటదలచిన రైతు చెట్లను నాటిన ఏడాదే ఊరి భూమి, పంటల లెక్క అయిన అడంగల్‌లో రాయించి, ఆ నకలు భద్రంగా దాచుకోవాలి. కోసే నాటికి అవి అడవి నుంచి తెచ్చినవి కావని చూపాల్సింది ఆయనే.