రీమిక్స్ అంటే సాగదీతేనా?

రీమిక్స్ అనగానే పాత పాటకు కొత్త రంగు పూయడం అనుకుంటాం. అసలు అవసరం వేరు. రికార్డు పాట మూడు నాలుగు నిమిషాల్లో అయిపోయేది. ఆడేవాళ్ల కాళ్లు ఊపందుకునేది అప్పుడే కదా! 1977లో డోనా సమ్మర్ పాడిన ‘ఐ ఫీల్ లవ్’కు జార్జియో మొరోడర్ బృందం వాద్యమంతా దాదాపు సింథసైజరు మీదే పలికించింది. మరుసటి ఏడు పాట్రిక్ కౌలీ దాన్ని పదిహేను నిమిషాల పైచిలుకు సాగదీశాడు.

ఈ సాగదీత మన భద్రాచలం మన్యానికి కొత్తేం కాదు. కోయగూడెంలో డోలు మోగితే రేల పాట ఆడేవాళ్ల ఓపికను బట్టి సాగుతుంది. ఇవాళ అదే రేలకు కంప్యూటర్ దరువు కలిపి డీజేలు ఊరేగింపుల్లో మోగిస్తున్నారు. ఆడుకోవడం తప్పేం కాదు.

ఒక్క తేడా ఉంది. కౌలీ ఎంత మార్చినా సమ్మర్ పేరు చెరగలేదు. మన రేల ఏ గూడెందో, ఎవరి గొంతో చాలాసార్లు తెలియకుండా పోతున్నది. మణుగూరు దగ్గరి కూనవరం వాసి సకిని రామచంద్రయ్య కోయ వంశగాథలను నోటనే నిలిపి 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. అలాంటి గాథలో ఒక చరణం కోసేస్తే దరువుకేం నష్టం లేదు. ఒక వంశం చరిత్రే పోతుంది. కనుక మిత్రులారా, పాటను టేపు చేసేముందు పాడినవారి పేరు, గూడెం పేరు అడిగి రాసుకుందాం.