ఎరుపంటే ఉంది... ఆకుపచ్చంటే లేదు!

రేణిగుంట జంక్షన్‌లో ప్లాట్‌ఫాం మీద నిలబడి తలెత్తితే కనిపించే తీగలో 25 వేల వోల్టుల కరెంటుంటుంది. ఊరికి 220 కేవీ సబ్‌స్టేషనుంది. విమానాశ్రయం పక్కనే ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు. ఇంత కరెంటునూ వదలడానికీ ఆపడానికీ వాడే సామగ్రే స్విచ్‌గేర్. మనింట్లో స్విచ్చు లాంటిదే! కాకపోతే ఇక్కడ పొరపాటు జరిగితే పోయేది బల్బు కాదు, మనిషి.

బ్రేకర్‌లో లోపం వచ్చి మంట బయటికి తన్నిందంటే దాని వేడి దాదాపు 20 వేల డిగ్రీలకు చేరొచ్చు. సూర్యుడి ఉపరితలం మీద ఉండేది 5,500 డిగ్రీలే! అందుకే ఆపరేటర్‌ని యంత్రానికి ఎంత దూరంగా ఉంచితే అంత మంచిది.

పాత కంట్రోల్ రూముల్లో గోడ పొడవునా ఇనుప ప్యానళ్లు. వాటిమీద గీతలుగా గీసిన లైన్లు, తిప్పే పిడులు, దీపాలు. రోడ్డు మీద నేర్చుకున్న పాఠం ఇక్కడ తిరగబడుతుంది. ఎరుపు వెలిగితే బ్రేకర్ వేసి ఉన్నట్టు, ఆకుపచ్చ వెలిగితే తీసేసినట్టు. గంటగంటకీ మీటర్లు చూసి రిజిస్టర్లో రాయాల్సిందే.

కొత్త సబ్‌స్టేషన్లలో ఆ గోడంతా ఒక తెరలోకి వచ్చేసింది. వేలితో తాకే తెరను ఇంగ్లండ్‌లో ఇ.ఎ.జాన్సన్ అనే ఇంజినీరు 1965లోనే ప్రతిపాదించాడు, విమానాల రాకపోకల నియంత్రణ కోసం! స్విచ్‌గేర్‌లో దాని తీరు సెల్‌ఫోన్ కన్నా నిదానం. బ్రేకర్ బొమ్మను తాకితే వెంటనే ఏమీ జరగదు. ముందు ‘ఎంపిక’, తర్వాత ‘అమలు’... రెండుసార్లు చెప్పాలి. పొరపాటున వేలు తగిలితే లైను పోకూడదు కదా! బ్రేకర్ తీయకుండా ఐసోలేటర్ తీయబోతే ఒప్పుకోదు. లైను ట్రిప్పయితే ఏది ముందు, ఏది వెనక అన్నది మిల్లీసెకన్లతో సహా చూపిస్తుంది. చేతికి గ్లవ్స్ ఉన్నా పనిచేసేలా, వేలి ఒత్తిడిని గుర్తించే తెరల్ని చాలాచోట్ల వాడతారు.

సరే, ఊరంతా కరెంటు పోతే తెర ఆరిపోదా? పోదు. 110 లేదా 220 వోల్టుల బ్యాటరీల వరస దాన్నీ, బ్రేకర్‌నీ నడుపుతుంది. పారిశ్రామిక బ్యాటరీలకు పేరుపడ్డ అమరరాజా ఉన్నది రేణిగుంట మండలం కరకంబాడిలోనే.

అయితే తెర కూడా అబద్ధం చెప్పగలదు. బ్రేకర్ స్థితిని తెలిపే చిన్న కాంటాక్టు ఇరుక్కుపోతే తెరమీద ‘తీసి ఉంది’ అనే కనిపిస్తుంది. అందుకే లైన్‌మన్ స్తంభమెక్కే ముందు ‘లైన్ క్లియర్’ తీసుకుంటాడు. ఆపరేటర్ బ్రేకర్, ఐసోలేటర్ తీసి, యార్డులోకి నడిచివెళ్లి ఐసోలేటర్ బ్లేడ్లు విడిపోయాయో లేదో కళ్లతో చూస్తాడు. ఎర్త్ స్విచ్ వేసి, ‘మనుషులు పనిచేస్తున్నారు’ అన్న బోర్డు తగిలిస్తాడు. మీటను ‘లోకల్’కి తిప్పితే తెర ఆజ్ఞలు బ్రేకర్‌కి చేరవు.

పని ఎప్పటికయ్యేనా, పైనుంచి ఎన్ని ఫోన్లొచ్చినా, లైన్ క్లియర్ తీసుకున్న మనిషే కిందికి దిగి దాన్ని వాపసు చేయాలి. అప్పటిదాకా ఆ బొమ్మ మీద వేలు పెట్టరు.