జీపు ఇంజిన్ మొత్తం దించాలా, హెడ్ వరకే చాలా?

మా నాన్నగారి పాత ఎమ్‌ఎమ్ 540 జీపు మారేడుమిల్లి ఘాట్‌లో లాగడం మానేసిందండి. రాజమండ్రిలో చూపిస్తే, పొగ చూసి "బోరుకొచ్చేసింది బాబూ, ఇంజిన్ దించేద్దాం" అన్నారు. ఆ ఖర్చు విని నాన్న "అమ్మేద్దాంరా" అన్నారు.

దీన్లో ఉన్నది ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 డీజిల్. 4 సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు, పేరులోనే ఉంది. ఆ బోరు అరిగిందో లేదో పొగ చెప్పదు, కొలవాలి. డీజిల్ కట్ చేసి, హీటర్ ప్లగ్ తీసిన చోట కంప్రెషన్ గేజ్ బిగించి సెల్ఫ్ కొట్టాం. 1, 4 సిలిండర్లలో 370 పీఎస్ఐ. 2, 3లో 240 కూడా లేదు!

ఆ రెండిట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టాం. (ఎక్కువ పోయకండి, డీజిల్ ఇంజిన్‌లో ఖాళీ తక్కువ, కనెక్టింగ్ రాడ్ వంగిపోద్ది.) రింగులో బోరో అరిగితే ఆయిల్ ఆ సందు మూసి రీడింగ్ పెంచుద్ది. మాకు పెరగలేదు. పక్కపక్క సిలిండర్లే పడ్డాయంటే అనుమానం మధ్యలో హెడ్ గ్యాస్కెట్ మీదే. హెడ్ విప్పితే సరిగ్గా అక్కడే కాలిపోయింది.

"ఎలాగూ విప్పాం కదా, పిస్టన్లూ మార్చేద్దాం" అన్నారు. చిన్న బగ్ కోసం కోడంతా తిరగరాసి ఏడ్చినవాణ్ణి, ఒప్పుకుంటానా? బోరు పైనా కిందా కొలిపించా, లిమిట్‌లోనే ఉంది. లేత్‌లో హెడ్ ఫేసింగ్, వాల్వ్ గ్రైండింగ్, కొత్త గ్యాస్కెట్, అంతే.

అసలు గ్యాస్కెట్ ఎందుకు కాలింది? రేడియేటర్ సగం మూసుకుపోయింది. అది వదిలేస్తే కొత్తదీ కాలుద్ది, అందుకే అదీ బాగు చేయించాం.

మొన్న నాన్నే ఘాట్ ఎక్కించారు. పైకెళ్లాక టీ కూడా తాగకుండా ముందు టెంపరేచర్ ముల్లు చూశారు.