ఇంటికి వేడినీళ్ళ యంత్రము

వింజమూరు సీమలో చలి యెక్కువ దినములుండదు. కార్తీకమున మొదలిడి మాఘము వెళ్ళులోపల ముగియును. అయినను ఆ నాలుగు నెలలును తెల్లవారుజామున నెవరు లేచి పెరటిపొయ్యి రాజవేయుదురో పాఠక సోదరీమణులకు నేను వేరుగ చెప్పనక్కరలేదు. 1999 లో దీపము పథకము వచ్చినది, 2016 లో ఉజ్జ్వల వచ్చినది. వంటింటిలోని పొగ చాలవరకు తొలగినది. కాని నీళ్ళకాగు మాత్రము సర్కారుతుమ్మ మొద్దులను విడువలేదు. గ్యాసు కూటికే గాని నీటికి గాదని మా పెద్దల యభిప్రాయము. అందుచేత వంటకు పోయిన పొగ స్నానమునకు మిగిలినది.

చలికాలమొక్కటే కాదు. బాలింత యున్న యింట ఏ నెలయైనను వేడినీళ్ళు కావలెను. కీళ్ళనొప్పులతో బాధపడు వృద్ధులకు కావలెను. దీపావళికిని, భోగికిని తలంటునీళ్ళు సరేసరి. జ్యేష్ఠమాసమున నర్రవాడ వెంగమాంబ తిరునాళ్ళకు చుట్టములు దిగినప్పుడు, జిడ్డుపట్టిన గిన్నెలకైనను రెండు బకెట్ల వేడినీళ్ళు తప్పవు. ఇంత పనికి ఏ యంత్రము కొనవలెనని అంగడికి పోవువారు సాధారణముగ పురుషులు. నీళ్ళు కాచువారిని అడిగి కొనువారు తక్కువ.

మా యింటను అట్లే జరిగినది. అయిదేండ్ల క్రిందట మా వారు పట్టణమునకు పోయి ఒక గీజరు తెచ్చిరి. చూపునకు ముచ్చటగ నుండెను. నక్షత్రములును అయిదు. రెండు చలికాలములు గడచెనో లేదో, మీట నొక్కినంతనే ఇంటి దీపములన్నియు ఆరిపోవుచు వచ్చినవి. పనివాడు వచ్చి విప్పి చూపగా లోపలి కడ్డీకి ఇడ్లీపాత్ర యడుగున పట్టునట్టి తెల్లని గార వ్రేలిమందమున పేరుకొని యుండెను. కడ్డీ ఆ గారలోనే కాలి పగిలినది. మా బోరునీళ్ళెంత ఉప్పుగ నుండునో అమ్మినవా రడుగలేదు, కొన్నవారు చెప్పలేదు. నన్ను పిలిచి యుండినచో ఇడ్లీపాత్రయే చూపియుందును.

రెండవమారు కొనవలసి వచ్చినప్పుడు మా వారు హీట్ పంపు అను క్రొత్త యంత్రమును గూర్చి చెప్పిరి. “కరెంటు మూడవవంతే కాలునట” అనిరి. ఈ మారు నేను కాగితము, కలము తీసికొని కూర్చుంటిని.

మొదట ఆ యంత్ర మెట్లు పనిచేయునో తెలిసికొంటిని. మన యింటి ఫ్రిజ్జు వెనుక చేయి పెట్టి చూడుడు, వెచ్చగ నుండును. లోపలి పాలలోను కూరగాయలలోను ఉన్న వేడిని తోడి ఆ యంత్రము వెనుకకు పారబోయుచున్నదన్నమాట. హీట్ పంపు దీనినే తిరుగవేసినది. చుట్టునున్న గాలిలోని వేడిని ఒక చల్లని వాయువు పీల్చుకొనును. ఆ వాయువును కంప్రెసరు గట్టిగ నొత్తగా అది మరింత వేడెక్కును. ఆ వేడి నీటితొట్టికి చేరును. మరల వాయువు చల్లబడి మొదటి చోటికి వచ్చును. మన మెట్టభూములలో వెనుక ఎద్దులతో కపిల తోలుచుండిరి గదా! కపిల నీటిని పుట్టించునా? బావి యడుగున నున్న నీటిని గట్టుమీదికి తెచ్చునంతే. ఇదియు ఉష్ణమునకు కపిల వంటిది. గీజరులోని కడ్డీ విద్యుత్తునే కాల్చి వేడి పుట్టించును. ఇది గాలిలో నున్న వేడిని మోసికొని వచ్చును. మోతకూలి మాత్రమే విద్యుత్తు. ఒక యూనిట్టు కాల్చినచో మూడు, వాతావరణము వెచ్చగ నున్నచో నాలుగు యూనిట్ల వేడి నీటికి చేరును.

ఇది నిన్న మొన్నటి యూహ కాదు. 1852 లోనే కెల్విన్ ప్రభువుగ పిమ్మట ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ ఈ సూత్రమును వివరించెను. కొలది సంవత్సరములలో ఆస్ట్రియా దేశమున రిట్టింగరు అను ఇంజనీరు ఉప్పునీటిని ఇంకించి యుప్పు తీయుటకు దీని నుపయోగించెను. 1938 నాటికి స్విట్జర్లాండులోని జ్యూరిచ్ పురమందిరమును నదీజలములోని వేడితో వెచ్చజేయుచుండిరి. జపానులో 2001 నుండి ఇండ్ల వేడినీళ్ళకై ఈ యంత్రములు విరివిగ నమ్ముడుపోయినవి. ఒక చిత్రము చూడుడు: బయటిగాలి చల్లనిదైన కొలది ఈ యంత్రమునకు శ్రమ హెచ్చు. చలిదేశములలో అది కష్టపడి చేయు పనిని మన యెండలలో సులువుగ చేయును. కాని మనకు వేడినీళ్ళ యవసరము తక్కువ. ఇచ్చటనే లెక్క చూడవలసినది.

ఒక యూనిట్టు విద్యుత్తు 86 లీటర్ల నీటిని 10 డిగ్రీలు వెచ్చజేయును. ఈ యొక్క అంకెను గుర్తుంచుకొనిన చాలును. మా యింట అయిదుగురము. ఎనిమిది దినములు నేను బకెట్లు లెక్కించితిని. 18 లీటర్ల బకెట్లు, స్నానములకును గిన్నెలకును కలిపి దినమునకు ఆరు. అనగా 108 లీటర్లు. తొట్టిలోని నీరు 25 డిగ్రీలనుకొని ఒంటికి హితవైన 40 డిగ్రీలకు తెచ్చుటకు రెండు యూనిట్లకు కొంచెము తక్కువ పట్టును. దారిలో పోవు వేడిని కలిపి రెండున్నర యనుకొందము. నాలుగు నెలలకు 300 యూనిట్లు. హీట్ పంపునకైనచో 100 యూనిట్లు.

ఇక ధర. మనకు విద్యుత్తు నిచ్చునది తిరుపతి కేంద్రముగ గల దక్షిణప్రాంత పంపిణీ సంస్థ. 2022 లో వచ్చిన ధరల పట్టికలో మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసల చొప్పున నున్నవి. 126 మొదలు 225 వరకు 6 రూపాయలు. 226 మొదలు 400 వరకు 8 రూపాయల 75 పైసలు. పంకాలు, ఫ్రిజ్జు, మోటారు ముందుగనే తక్కువ ధర యూనిట్లను తినివేయును. వేడినీళ్ళు పైన వచ్చి కూర్చుండును గనుక వానికి పైమెట్టు ధరయే పడును. ఆ లెక్కను 200 యూనిట్లు మిగిలినను మాకు ఏటికి 1200 నుండి 1750 రూపాయలు మాత్రమే మిగులును. చిన్న గీజరు పదివేల లోపల వచ్చును. హీట్ పంపునకు లక్షకు అటునిటుగ కావలెను. ఆ వ్యత్యాసము తీరుటకు యాభై యేండ్లు పట్టును. యంత్రమే పదునైదేండ్లు మన్నిన గొప్ప!

“అమ్మాయీ, ఏమి లెక్కలవి?” అని మా అత్తగారడిగిరి.

“ఆ యంత్రము మన యింటికి గాదు, అత్తయ్యా” అంటిని.

ఆమె వెంటనే “అయితే మీ వదినె యింటికి సరిపోవు నేమో చూడు” అనిరి. నాకు తోచని మాట. మా వదినె ఆత్మకూరులో చదువుకొను ఆడపిల్లలు ఇరువదిమందికి బస, భోజనము పెట్టి జీవించుచున్నది. అచ్చట ఏడాది పొడవునను దినమునకు 400 లీటర్లు కావలెను. గీజరులతోనైనచో దినమునకు ఏడున్నర యూనిట్లు, సెలవులు పోను 300 దినములకు 2250 యూనిట్లు. హీట్ పంపుతో 750. మిగులు 1500 యూనిట్లు. 8 రూపాయల 75 పైసల వంతున పదమూడువేలు దాటును. ఎనిమిది తొమ్మిదేండ్లలో పెట్టుబడి తిరిగి వచ్చును. ఉమ్మడికుటుంబములకును, ఆసుపత్రులకును, సత్రములకును ఇదే న్యాయము. కావున ఈ యంత్రము మంచిదా చెడ్డదా యని యడుగుటలో అర్థము లేదు. మన యింట దినమునకెన్ని బకెట్లు, ఏటికెన్ని దినములు అని యడుగవలెను. ఆ సంఖ్య ఇంటి యజమానికి తెలియదు. గృహిణికే తెలియును.

నక్షత్రముల మాట చెప్పితిని గదా. నీరు నిలువయుండు గీజరుమీద నక్షత్రములు తెలుపునది వేరు. తొట్టిలోని వేడి ఒక దినమున ఎంత జారిపోవునో దానినిబట్టి అవి యిచ్చుచున్నారు. నీటిని కాచుటకు అయిదు నక్షత్రములదైనను మూడు నక్షత్రములదైనను పట్టు విద్యుత్తు దాదాపు సమానమే. స్నానమునకు కొంచెము ముందు మీట వేసి, పిమ్మట ఆపివేయు నలవాటున్న యింట నక్షత్రముల లాభము స్వల్పము. దినమెల్ల మీట వేసి యుంచు ఇంట మాత్రము మిక్కిలి యుపకరించును.

మరి సూర్యరశ్మితో కాగు యంత్రమో? ఎండకు మనకు కొరత లేదు. మిద్దెమీద గాజుగొట్టముల సౌరయంత్రము హీట్ పంపు ధరలో నాలుగవ వంతు మొదలు వచ్చును. నెల ఖర్చు లేదు. కాని మన నెల్లూరు జిల్లాకు వానలు విస్తారముగ వచ్చునది ఈశాన్య ఋతుపవనముతో, అనగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. వేడినీళ్ళు కావలసి వచ్చునప్పుడే మబ్బు పట్టును! తుపాను పట్టి నాలుగు దినములు సూర్యుడు కనబడనిచో గొట్టములు చల్లగ నుండును. అందుచేత లోపల విద్యుత్తు కడ్డీ కూడ నున్న తొట్టినే కొనవలెను. హీట్ పంపునకీ బాధ లేదు, మబ్బులోను రాత్రిలోను పనిచేయును. 2024 లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన సూర్యఘర్ పథకమున మిద్దెమీద విద్యుత్ఫలకములు పెట్టుకొనినవారికి 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ గలదు. అట్టి ఫలకము లున్న యింట పగటివేళ నీళ్ళు కాచి నిలువ యుంచుకొనుట మేలు.

ఉప్పునీటిమాట ఎంత చెప్పినను తక్కువే. నీరు వేడెక్కిన కొలది గార హెచ్చును. 60 డిగ్రీలు దాటినచో మరి వేగముగ పట్టును. మీటను 50, 55 డిగ్రీలవద్ద నుంచుట మంచిది. కాని గోరువెచ్చని నీరు దినముల తరబడి కదలక నిలిచినచో సూక్ష్మజీవులు పెరుగును గనుక వారమునకొకమారు 60 డిగ్రీలకు తెచ్చి, కొంతసేపు వదలి, పిమ్మట వాడుకొనవలెను. తొట్టి తుప్పుపట్టకుండ లోపల ఒక మెగ్నీషియము కడ్డీ యుండును. అది తాను కరగుచు తొట్టిని కాపాడును. ఏటికొకసారి విప్పించి చూచి, సన్నబడినచో మార్పించవలెను. మా మొదటి గీజరులో నట్టి కడ్డీ యొకటి యున్నదని కూడ మాకు తెలియదు. సౌరయంత్రమునకును ఇదే బాధ. ఉప్పునీరు పోవు గొట్టములను ఏటేట కడిగింపవలెను. ఉదయగిరి ప్రాంతమున కొన్ని గ్రామముల నీటిలో ఫ్లోరైడు అధికము. కాచినంతమాత్రమున అది పోదు. యంత్రములోని వేడినీటిని త్రాగుటకు గాని బిడ్డల పాలలో కలుపుటకు గాని వాడరాదు.

హీట్ పంపు కొనదలచినవారు మరికొన్ని సంగతులు చూచుకొనవలెను. అది మీట నొక్కినంతనే కాచునది కాదు. 200 లీటర్లకు మూడు నాలుగు గంటలు పట్టును. కావున తొట్టి పెద్దదై యుండవలెను. గాలి ధారాళముగ వచ్చు వరండాలోనో పెరటిలోనో పెట్టవలెను. మూసిన గదిలో పెట్టినచో తాను వదలిన చల్లగాలినే తాను పీల్చి యలసిపోవును. పడకగది ప్రక్కన నుంచరాదు, కొంత హోరుచేయును. దానినుండి చుక్క చుక్కగ కారు నీటికి ఒక గొట్టము కావలెను. విద్యుత్తు హెచ్చుతగ్గులకు కంప్రెసరు చెడును గనుక స్టెబిలైజరు తప్పదు. అన్నిటికంటె ముఖ్యము, చెడినప్పుడు వచ్చు పనివాడెవరు? అతడు నెల్లూరునుండి రావలసి యున్నచో ఎన్ని దినములకు వచ్చునో కొనకముందే, వ్రాతమూలమున, అడుగుడు. నేనైనచో ధరకంటె ముందు ఇదే యడుగుదును.

ప్రాణభయము గలవి రెండున్నవి. బకెట్టులో వ్రేలాడదీయు హీటరు కడ్డీ మొదటిది. మీట తీసి, ప్లగ్గు ఊడబీకినగాని నీటిలో వ్రేలు పెట్టరాదు. చిన్నపిల్ల లున్న యింట దానిని వాడకుండుటయే మేలు. రెండవది స్నానపుగదిలో బిగించు గ్యాసు గీజరు. గాలి చొరని గదిలో అది మండినచో వాసనలేని విషవాయువు పుట్టును; స్నానము చేయువారు తెలియకయే సొమ్మసిల్లి ప్రాణములు కోల్పోవుదురు. దానిని గది వెలుపలనే బిగింపవలెను. ఏ విద్యుద్యంత్రము పెట్టినను ఎర్తు తీగ సరిగ నుండవలెను. విద్యుత్తు జారినంతనే తెగునట్టి 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ మీటను ఇంటి బోర్డులో పెట్టించవలెను. గార పట్టిన నాడు మా దీపము లారిపోయినది ఆ మీటవలననే. లేకున్న ఆ ఉదయము స్నానమునకు పోవలసినది మా చిన్నది.

చివరకు మేము కొన్నది 150 లీటర్ల సౌరయంత్రము, లోపల కడ్డీతో. మా వదినె హీట్ పంపు పెట్టించినది. ఆత్మకూరులోనే బాగుచేయువా డొకడున్నాడని తెలిసిన పిదపనే డబ్బు చెల్లించినది. రాగికాగు మాత్రము మా అత్తగారు అమ్మనీయలేదు. భోగినాడు అది పెరటిపొయ్యి నెక్కును. ముందునాడు చింతపండు పెట్టి దానిని తోముట నా వంతు.