పుట్టిన ఊరి గడి

ఈవారం ముఖచిత్ర కథనం ‘భయాన్ని గీసినవాళ్లు’ అన్నారు ఎడిటర్‌గారు. గురువారం సాయంత్రానికి కాపీ కావాలన్నారు. గోయా, పికాసోల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. బుధవారం రాత్రయినా ఒక్క బొమ్మ దగ్గరే ఉండిపోయాను.

ఫెలిక్స్ నుస్‌బామ్ 1943లో వేసుకున్న ‘యూదు గుర్తింపు కార్డుతో స్వీయచిత్రం’ అది. రెండడుగుల ఎత్తు కూడా లేదు. ఎత్తయిన గోడల మూలలో నిలబడి ఉన్నాడు. వెనక్కి పోదామంటే దారి లేదు. ఒక చేత్తో కోటు కాలరు పైకెత్తాడు, కింద కుట్టిన పసుపు నక్షత్రం కనబడుతోంది. రెండో చేతిలో కార్డు.

ఆ కార్డును దించిన తీరు చూడాలి. ఫొటో, గళ్లు, ఎర్ర ముద్ర. ముద్రలో ఫ్రెంచిలో ఒకసారి, డచ్‌లో ఒకసారి ‘యూదుడు’ అని ఉంది. జాతీయత దగ్గర ‘లేదు’ అని ఉంది. పుట్టిన ఊరి పేరు మాత్రం అలికేసినట్టుంది. సర్కారు ముద్రను అంత పట్టుగా దించిన చెయ్యి, సొంత ఊరి పేరు దగ్గరే తడబడిందంటే నేను నమ్మను. ఆ ఊరు అతన్ని వద్దంది. అతను ఆ పేరు చెరిపేశాడు.

చూపు మన మీదే ఉంది. కార్డు చూపించమన్నది ఎవరు? బొమ్మలో పోలీసు లేడు. అతను నిలబడాల్సిన చోట మనం నిలబడ్డాం. పికాసో ‘గెర్నికా’ ముందు నిలబడితే జరిగిన ఘోరాన్ని చూస్తాం, ఇక్కడ తనిఖీ చేసేది మనమే. నెత్తురు చుక్క లేని ఈ బొమ్మే నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఇది వేసేనాటికి అతను నాజీలు ఆక్రమించిన బ్రస్సెల్స్‌లో దాక్కుని ఉన్నాడు. దాక్కున్నవాడి మీద టర్పెంటైన్ వాసన కూడా చాడీ చెప్పగలదు. అయినా వేశాడు. గోడ అవతల కొమ్మలు నరికేసిన మాను ఒకటి, దాని పక్కన పూసిన కొమ్మ ఒకటి పెట్టాడు.

మిగతా కథ క్లుప్తంగా. 1904లో జర్మనీలో పుట్టాడు. హిట్లర్ గద్దెనెక్కేనాటికి స్కాలర్‌షిప్ మీద రోమ్‌లో ఉన్నాడు, మళ్లీ స్వదేశంలో స్థిరపడలేదు. 1940 మేలో, అప్పటికి తను ఉంటున్న బెల్జియం అతన్ని శత్రుదేశస్థుడని పట్టుకుని ఫ్రాన్స్‌లోని శిబిరానికి పంపింది. తప్పించుకొచ్చాడు. భార్య ఫెల్కా ప్లాటెక్ కూడా చిత్రకారిణే, ఆమెతో కలిసి దాక్కున్నాడు. 1944 జూన్ 20న ఇద్దరూ దొరికిపోయారు. జులై 31న బెల్జియం నుంచి ఆష్‌విట్జ్ మృత్యు శిబిరానికి వెళ్లిన చివరి రైల్లో ఎక్కించారు. ఇద్దరూ తిరిగి రాలేదు. సెప్టెంబర్ 3న బ్రస్సెల్స్‌కు విముక్తి వచ్చింది.

బాక్స్: క్యాలెండర్ కాగితం

తేదీ తెలిసిన అతని ఆఖరి చిత్రం ‘మృత్యు విజయం’. శిథిలాల మీద అస్థిపంజరాలు వాయిద్యాలు వాయిస్తుంటాయి. ఆకాశంలో గాలిపటాలకు ముఖాలుంటాయి. కింద నలిగిపోయిన స్వరాల కాగితం ఒకటి, అది అప్పట్లో జనం చిందులేసిన ఇంగ్లిష్ పాట ‘లాంబెత్ వాక్’. చిరిగిన క్యాలెండర్ కాగితం మీద 1944 ఏప్రిల్ 18 అని ఉంది. అరెస్టుకు దాదాపు రెండు నెలల ముందు.

ముఖచిత్రంగా కార్డు బొమ్మే వెయ్యాలని పట్టుబట్టాను. పుట పక్కన పెట్టేముందు పుట్టిన ఊరి గడి ఒకసారి చూడండి. ఆ ఊరు ఆస్నాబ్రుక్. అతని పేరుతో 1998లో అక్కడ తెరిచిన మ్యూజియంలోనే ఈ బొమ్మ ఉంది.